అవ్వ ఎడమ కన్ను

నిన్న పొద్దున ఓపీలో పేషెంట్ల పేర్లు పిలుస్తుంటే మామ ఫోన్ చేశాడు. "అవ్వ పోయిందమ్మా" అన్నాడు.

నమ్మలేదు.

ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడింది. అన్నం తిన్నావా అని రెండుసార్లు అడిగింది. తొంభై దాటిన మనిషే. అయినా పోతుందని ఎప్పుడూ అనుకోలేదు.

మా అవ్వ, అంటే మా అమ్మ వాళ్ళమ్మ, మరియమ్మ. కురిచేడు పక్క పల్లె. కూలి పనులు చేసి బతికిన ఇల్లు.

ఆమె కొంచెం వంకర నవ్వు మీలో చాలామందికి తెలుసు. అది ఎట్లా వచ్చిందో ఈరోజు చెప్పాలనిపించింది.

అప్పటికి మనమింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. అవ్వకు పన్నెండేళ్ళు. రెండు చెంపలూ వాచాయి. గవదబిళ్ళలన్నారు.

మెడలో బంగారు గొలుసు వేస్తే గవదలు తగ్గుతాయని మన వైపు నమ్మకం కదా. మా వాళ్ళ ఇంట్లో బంగారం ఎక్కడిది? కురిచేడులో దుకాణం నడిపే శెట్టెమ్మ తన గొలుసు ఇచ్చింది.

పది రోజుల్లో పోవాల్సిన వాపు మూడు నెలలైనా పోలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎండలోకి చూడలేకపోయేది. మూతి ఒక పక్కకు పోయింది.

ఇంట్లో అందరూ చెంపలనే చూస్తున్నారు. గొలుసు మెడలోనే ఉంది.

ఆ రోజుల్లో దుకాణంలో మా వాళ్ళ చేతికి సరుకు ఇచ్చేవాళ్ళు కాదు. పైనుంచి దోసిట్లో వదిలేవాళ్ళు. శెట్టెమ్మ కూడా అంతే. ఆ గొలుసునూ అట్లాగే వదిలింది.

ఒకరోజు ఆమె వదిలిన బెల్లం ముక్క అవ్వ దోసిలి పక్కన పడింది.

"చేతులు సరిగ్గా పట్టవేందే" అని కసిరింది.

రెండో ముక్కా పక్కనే పడింది. అప్పుడు శెట్టెమ్మ వంగి అవ్వ కళ్ళలోకి చూసింది.

"గొలుసు తీసెయ్ పాపా. ఇవి గవదలు కాదు. నీకు కండ్లు పోతుండాయి" అంది.

అవ్వ వాళ్ళమ్మకు కోపం వచ్చింది. గొలుసు వెనక్కి తీసుకోవడానికి సాకు అనుకుంది. మర్నాడు శెట్టెమ్మ దుకాణం మూసి, వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయింది. గుంటూరు రైలు మెట్టు కనపడక అవ్వ తడబడితే, చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

ఈ మాట దగ్గర అవ్వ ప్రతిసారీ ఆగేది. "గుంటూరు దాకా నా చెయ్యి ఇడిసిపెట్టలేదు" అనేది.

గుంటూరులో డాక్టరమ్మ చూసి, చెంపల వాపు, కళ్ళ ఎరుపు, మూతి వంకర మూడు జబ్బులు కావు, ఒకటే అని చెప్పిందట. ఏదో పొడుగు పేరు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. కళ్ళలో చుక్కలు వేసి, మంచం మీద ఉంచి కనిపెట్టుకుని చూశారు. కొన్ని నెలలకు వాపు దానంతటదే పోయింది. చూపు నిలిచింది.

ఎడమ రెప్ప మాత్రం మళ్ళీ పూర్తిగా మూతపడలేదు, నవ్వులో వంకరా పోలేదు.

ఆ పొడుగు పేరు సార్కాయిడోసిస్ అయి ఉంటుందని నర్సునయ్యాక నాకు అర్థమైంది. ముఖానికీ మెడకూ రావడం అరుదు. వస్తే గవదల్లాగానో, టీబీలాగానో కనిపించి మోసం చేస్తుంది.

పోయినేడు గిద్దలూరు నుంచి ఒక టైలర్ మా ఓపీకి వచ్చాడు. చెంపలు వాచి, కళ్ళు ఎర్రబడి, మూతి వంకరపోయి ఉంది. సూదిలో దారం ఎక్కడం లేదన్నాడు. నాకు అవ్వే గుర్తొచ్చింది. డాక్టర్ గారికి మూడూ కలిపి చెప్పాను. ఎక్స్‌రే తీశారు, పెదవి లోపలి నుంచి చిన్న ముక్క టెస్టుకు పంపారు, టీబీ కాదని తేల్చుకున్నారు. సార్కాయిడోసిసే. కంటి డాక్టర్ చుక్కలు, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు మళ్ళీ మిషన్ తొక్కుతున్నాడు.

అవ్వకు ఫోన్ చేసి చెప్పాను.

"మెడలో గొలుసు ఏసినారా?"

"లేదవ్వా, మాత్రలు ఇచ్చినాం."

"మంచిపని. చెయ్యి పట్టుకుని ఎవురొచ్చినారు?"

"వాళ్ళావిడ."

"అయితే బతికిపోయినాడులే" అంది.

నిన్న మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి పెద్దమ్మ అవ్వ పక్కన కూర్చుని ఎడమ రెప్పను వేలితో నొక్కి మూస్తోంది. అది మళ్ళీ కొంచెం తెరుచుకుంటోంది. మళ్ళీ మూస్తోంది, ఏడుస్తోంది.

నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"వదిలెయ్ పెద్దమ్మా. అవ్వ ఎప్పుడూ అట్లనే కదా నిద్రపోయేది."

పడుకో అవ్వా. వెలుగు కళ్ళకు గుచ్చుకోని చోట, దేవుని దగ్గర, నెమ్మదిగా పడుకో.