భీముకున్న చీటి

ఎల్లేశం ముప్పై ఏళ్లుగా సిరిసిల్లలో వైపని చేస్తున్నాడు. అక్కడ సాంచ అని పిలిచే మరమగ్గం మీద నూలు అయిపోగానే, పడుగు నూలు చుట్టిన కొత్త భీము ఎక్కించి, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతికే పని అది. భీముకు వేలల్లో ముడులు.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు. బొగ్గు లేక కరెంటు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకే ఉంటోంది. ఎల్లేశం కూతురు శారద చదివే జగిత్యాల ఇంజనీరింగ్ కాలేజీ మూతబడింది. వాళ్ల సారు నలభై సమీకరణాలను విప్పి, వచ్చిన విలువలన్నీ కూడే లెక్క ఒకటి ఇచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటలోగా ఫోనులో జవాబు చెప్పినవాళ్లకే ఆయన ప్రాజెక్టులో చోటు. చేత్తో చేస్తే వారం పడుతుంది. కంప్యూటర్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, దానికి తోడు నంపై అనే లెక్కల లైబ్రరీ ఉంటే క్షణంలో తేలుతుంది.

శుక్రవారం పదింటికి పక్క సందులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే సాజిద్ ఆ లైబ్రరీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. శారద దాన్ని ఇంట్లోని కంప్యూటర్‌కు పెట్టి నొక్కింది. పైథాన్ కనబడలేదని వచ్చింది. నిన్ననే ఎక్కించిన పైథాన్‌ను తీసేసి మళ్లీ ఎక్కించింది. అదే మాట. మూడోసారీ అంతే.

"ఉన్నదాన్ని లేదంటది ఏంది బాపూ!"

"మీ అవ్వ గంతే గద. నేను ఎదురుంగ కూసున్నా ఇంట్ల మొగోడు లేడంటది."

"ఉంటే గద అనకపోవుటానికి!" అంది వంటింట్లోంచి శారద తల్లి లచ్చవ్వ.

పదకొండుంపావు అయింది. శారద కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చీటి చూసినవా బిడ్డా?" అన్నాడు ఎల్లేశం.

"ఏం చీటి?"

"భీముకు చీటి ఉంటది, ఎన్ని పోగులు, ఎంత వెడల్పని. సాంచకు సరిపడని భీము తెస్తే, సాంచను ఎన్నిసార్లు ఇప్పి బిగిస్తే ఏం లాభం?"

"గిది సాంచ కాదు బాపూ," అని విసుక్కుంటూనే శారద ఫైళ్ల పేర్లు పూర్తిగా చదివింది. పైథాన్ అరవై నాలుగు బిట్లది. లైబ్రరీ ముప్పై రెండు బిట్లది. ఒకదానికొకటి అతకవు.

"సాజిదన్నా, నాకు ముప్పై రెండు బిట్ల పైథాన్ గావాలె!" అంది పక్కనే ఉన్న సాజిద్‌తో.

"గా పెన్‌డ్రైవ్‌ల ఉంది చూడమ్మా. ఏది అడుగుతవో అని రెండు తీర్లయి దింపిన."

"ముందుగాల చెప్పద్దా?"

"నువ్వు అడగకపోతివి."

పాతది తీసి, సరైనది ఎక్కించి, మీద లైబ్రరీ పెట్టేసరికి పన్నెండుకు పది నిమిషాలు. ముందే టైపు చేసి పెట్టుకున్న సమీకరణాలను అందులో వేసి సరిచూసుకునేసరికి పన్నెండు కావచ్చింది, జవాబు తెర మీదికి వచ్చింది. శారద దాన్ని క్యాలెండర్ అంచున రాసుకుంటుండగానే కరెంటు పోయింది. వాడలోని సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

శారద ఫోను చేసేసరికి సారు జగిత్యాలలో సమ్మె దీక్షా శిబిరంలో ఉన్నాడు. ఫోనులో నినాదాలు తప్ప ఏమీ వినబడటం లేదు.

"గట్టిగ చెప్పమ్మా!"

"పదిహేడు పాయింట్ మూడు ఎనిమిది రెండు!"

మూడుసార్లు అరిచింది. "కరెక్టే. నీ పేరు రాసుకున్న. బస్సులు నడిచినంక రా," అన్నాడు సారు.

ఎదురు షెడ్డులో సాంచలు నడిపే రాజేశం బయటికొచ్చాడు. "ఏందది శారదా, లాటరీ నంబరా?"

"నలభై లెక్కలు రాజేశం, నలభై! అన్నింటినీ ఒక్కతే అతికింది," అంటూ ఎల్లేశం అతని గడపలోనే కూర్చుని మొదటినుంచి అందుకున్నాడు. మళ్లీ కరెంటు వచ్చేది రేపు తొమ్మిదింటికే. రాజేశానికి తప్పించుకునే దారి లేదు.