గేటు బయట పాట

ఈ ఉదయం పాలామె మా గిన్నెలో కొంచెం తక్కువ పోసి వెళ్ళింది. తగ్గించమని మేమెవరం చెప్పలేదు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా నిన్ననే వెళ్ళిపోయారు. ఈ ఇంట్లో తెల్లారగానే టీ అడిగే మనిషి ఇక లేదని ఆమెకు తెలుసు. మా మేనత్త పోయింది.

నాకు ఏడుపు రావడం లేదు. వచ్చినవాళ్ళకు చాపలు పరిచి, మళ్ళీ మడిచి, ఒళ్ళంతా అలసిపోయింది. ఈ నాలుగు మాటలూ గోడకు ఆనుకుని రాస్తున్నాను.

అత్త నాయనకు అక్క. ఆమెను పుల్లలచెరువు అవతల, అడవి పక్కనున్న ఊరికి ఇచ్చారు. మామయ్య పోయాక మార్కాపురంలో మా ఇంటికి వచ్చేసింది. ఆ ఊళ్ళో బోర్లు ఎండినప్పుడల్లా ఎండలో నడిచి బిందె మోసిన మనిషి. ఇక్కడ ట్యాంకరు వాకిట్లోకే వచ్చినా ఆ అలవాట్లు పోలేదు. బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటి బర్రెకు వెళ్ళేవి. ఎక్కడికి బయలుదేరినా క్యాను నిండా నీళ్ళు వెంట రావాల్సిందే. మిగిలితే మనిషికో గొడ్డుకో పోయాలి తప్ప పారబోయకూడదు. "నీళ్ళు నేలన పోస్తే ఆడదాని నడకంతా ఉత్తదైపోద్ది" అనేది.

నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. కాన్వెంటులో చేతులు కట్టుకుని అప్పజెప్పడం నేర్పారు. నలుగురిలో గొంతెత్తడం మాత్రం నాకు చేతకాలేదు. అలాంటిదాన్ని, ఒక ర్యాపర్ పాట పట్టుకుంది. తను నోరు తెరిస్తే నవ్వినవాళ్ళకు అతను చెప్పిన జవాబు అది. మొత్తం బట్టీపట్టాను. వంటింట్లో అత్త వేరుశనక్కాయలు ఒలుస్తుంటే, ఆమె ఒక్కదానికే గుసగుసగా వినిపించేదాన్ని.

"ఏందే ఇది, బస్సు కదిలినాక కిటికీలోంచి సంగతులన్నీ చెప్పినట్టుంది!" అని నవ్వేది. "మళ్ళీ చెప్పు."

అతను హైదరాబాదులో పాడుతున్నాడని తెలిసింది. వేలమంది మధ్య, నా గొంతు విడిగా ఎవరికీ వినపడని చోట, ఆ పాట ఒక్కసారి గట్టిగా పాడాలనిపించింది. నాకు కావలసింది అంతే.

నాయన ఒప్పుకోలేదు. "పాట కోసరం అంత దూరమా? ఫోన్లో వస్తాంది గదా."

"పెండ్లి భోజనం ఫోన్లో చూస్తే కడుపు నిండుద్దా రా?" అంది అత్త. "దాని ఎంబడి నేను పోతా."

మేం మైదానం చేరేసరికి లోపల డ్రమ్ములు మొదలయ్యాయి. అతను ఎప్పుడూ ఆ పాటతోనే మొదలుపెడతాడు. గేటు దగ్గర కాపలా మనిషి అత్త చేతిలో క్యాను చూసి ఆపాడు.

"నీళ్ళు లోపలికి తీస్కపోవద్దమ్మా. ఆడ పారబొయ్యండి."

"పారబోసేదా? మార్కాపురం నుంచి మోసుకొచ్చినా నాయనా."

"లోపల అమ్ముతరు గదమ్మా."

"అయితే ఇవి నువ్వు తాగు. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నట్టుండావు."

అతను అటూ ఇటూ చూసి, దోసిలి పట్టాడు.

"అత్తా, పక్కన పెట్టేసి పోదాం. పాట అయిపోతాది" అన్నాను.

"పెడితే ఎవడో ఒకడు తన్నేస్తాడు. టికెట్టు నీ చేతిలోనే ఉంది గదా, నువ్వు పో."

ఆ జనంలోకి ఒక్కదాన్నే వెళ్ళలేనని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఈలోగా వరుసలోవాళ్ళు కూడా దోసిళ్ళు పట్టడం మొదలుపెట్టారు. జుట్టుకు నీలం రంగు వేసుకున్న ఒకమ్మాయి "ఇంకొంచెం, అమ్మమ్మా" అంది. అత్త వంగి, సన్నటి ధారగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోస్తోంది. అప్పుడే లోపల నా పాట మొదలైంది. ఇంత దూరం వచ్చి గేటు బయట నిలబడ్డాను. ఏడుపొచ్చేసింది.

అత్త తల ఎత్తలేదు. "ఇదే గదా నీ పాట? ఈడనే చెప్పు."

"అందరూ ఉన్నారత్తా."

"వాళ్ళు నీళ్ళు తాగుతాండారు. నవ్వేదానికి నోళ్ళు ఖాళీ లేవు. చెప్పు."

మొదట పెదవులే కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. కోపం వల్లనేమో, నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. మధ్యలో ఊపిరి అందక ఆగిపోతే, "కానీయ్" అంది అత్త. నీలం జుట్టు అమ్మాయి మూతి తుడుచుకుని తర్వాతి మాట అందించింది. లోపల అతను ఎప్పుడు ముగించాడో తెలియదు. నేను మాత్రం చివరిదాకా చెప్పాను.

లోపల మిగతావి సగం సగం విన్నాను. కాళ్ళు లాగేశాయి. వేదిక మీద అతను బొటనవేలంత కనిపించాడు. అత్త పెద్ద తెర మీద అతని ముఖం చూసి, "సన్నగా ఉండాడు, వేళకు తింటాడో లేదో" అంది.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే వేదిక గుర్తు రావడం లేదు. లోపలికి వెళ్ళేముందు అత్త క్యాను తిరగేసి, అడుగున మిగిలిన నీళ్ళతో కొంగు తడిపి, నా ముఖం తుడిచింది. అప్పటికి ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. దారి పొడుగునా ఆ క్యానులోంచి ఆమె ఒక్క గుక్క కూడా తాగలేదు. కిడ్నీలు చెడిపోయాయి, నీళ్ళు కొలుచుకుని తాగాలని డాక్టరు చెప్పి అప్పటికే ఏడాది దాటింది.