మా బావగారి బూట్లూ, ఒక కొబ్బరికాయా

మా బావగారు పోయారని అక్క ఫోన్ చేసింది. మొదటి మాటే, "తమ్ముడూ, ఇది మీ ఇద్దరి వేళాకోళం కాదురా" అంది. అలా చెప్పాల్సి వచ్చింది పాపం. ఆయనా నేనూ కలిసి ఆ ఇంట్లో ఏ మాటా నమ్మడానికి లేకుండా చేశాం మరి.

ఆయనది కోనసీమలో కొబ్బరికాయల వ్యాపారం. కాయని చెవి దగ్గర ఊపి లోపలి సంగతి చెప్పేసేవారు. తప్పితే మాత్రం, "కాయే అబద్ధమాడిందిరా" అనేవారు.

అలాంటి మనిషికి కడుపులో కేన్సర్ వచ్చింది. రాజమండ్రిలో డాక్టరమ్మగారు ఆపరేషన్‌కి ముందు రక్తం తీయించారు.

"కడుపులో జబ్బుకి చేతిలో రక్తం ఏం చెబుతుందండి?" అన్నారు బావ.

"తెల్లకణాలూ, సీఆర్‌పీ అనేదీ చూస్తే ఒంట్లో వాపు ఎంతుందో తెలుస్తుందండి. అవి బాగా పెరిగితే ఆపరేషన్ తర్వాత కోలుకోవడం కష్టం కావచ్చు."

"మీరు మాత్రం కాయ పగలగొట్టి చెబుతున్నారేంటి బావా?" అన్నాను నేను. డాక్టరమ్మగారు నవ్వారు. బావ నావైపు కొరకొరా చూశారు.

రిపోర్ట్ వచ్చాక నవ్వులు పోయాయి. అంకెలు బాగా ఎక్కువున్నాయి. "ఇప్పుడే కోయొద్దులెండి, ఆలోచిద్దాం" అన్నారావిడ. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికెళ్లిపోయింది. బావ ఆ కాగితాన్ని మడతలు పెడుతూ కూర్చున్నారు. ఆయన వేళాకోళమాడకపోతే నాకు తోచదు.

అసలు ఆవేళ ఆయన బూట్లేసుకొచ్చారు. జన్మలో హవాయి చెప్పులు తప్ప ఎరగని మనిషి! పొద్దుట్నుంచీ "పెళ్లికొడుకా" అని ఏడిపిస్తూనే ఉన్నాను. ఎలాగైనా నవ్విద్దామని, ఒక బూటు లాగి దాచేయబోయాను. "చచ్చాన్రోయ్!" అని ఆయన పెట్టిన కేకకి నర్సులు పరుగెత్తుకొచ్చారు.

చూస్తే పాదం ఎర్రగా వాచి, చీము పట్టి ఉంది. అక్క వద్దన్నా దొంగతనంగా కాలవలో చేపలకి దిగారట. జెల్ల చేప ముల్లు పాదంలో దిగిపోయింది. అక్క తిడుతుందని బూటులో దాచేశారు.

"ఈ కాలి సంగతి ముందే చెప్పాలి కదండీ!" అన్నారు డాక్టరమ్మగారు.

"మీరు కడుపు గురించే అడిగారు కదండీ."

"ఒంట్లో ఎక్కడ చీము పట్టినా ఆ అంకెలు పెరుగుతాయండీ బాబూ!"

కాలికి మందులు వాడాక మళ్లీ రక్తం తీశారు. అంకెలు దిగాయి. "మంచి సూచనే, కానీ హామీ కాదండి" అన్నారావిడ. "నా కాయల్లాగే" అన్నారు బావ. ఆపరేషన్ జరిగింది. నా పరాచకమే తనని బతికించిందని ఊరంతా చెప్పి, నన్ను ఇంకా పాడుచేశారు.

ఆ తర్వాత రెండు గోదావరి వరదలు కలిసి చూశాం. మూడోదానికి ముందు జబ్బు తిరగబడింది. ఈసారి కాళ్లు రెండూ వెతికాను. ఏ ముల్లూ లేదు.

చివరిసారి వెళ్లినప్పుడు మంచం కింద నుంచి ఒక కాయ తీసి ఊపారు. "కుళ్లిపోయింది, పందెం" అన్నారు. "నిక్షేపంలా ఉంది" అన్నాను. "అయితే మళ్లీ వచ్చినప్పుడు కొట్టు" అన్నారు.

ఆయన పోయాక తెచ్చుకున్నాను, ఇప్పుడా కాయ మా ఇంట్లో ఉంది. కొట్టమని మా ఆవిడ రోజూ పోరుతోంది. కొడితే ఎవరో ఒకరం ఓడిపోవాలి. అందుకే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. లోపల నీళ్లు కదులుతూనే ఉన్నాయి.