మగ్గం మీద నాయిన

మొన్న నాయిన రిటైర్మెంట్ ఫంక్షన్ల నేను చేసిన ఘనకార్యానికి మా గోదావరిఖని కాలనీ ఇంకా నవ్వుతనే ఉంది. వేరేటోళ్లు చెప్పకముందే నేనే చెప్త, ఇనుండ్రి.

నాయిన ముప్పై ఐదేండ్లు బొగ్గుబాయిల పని చేసిండు. శాలువాలు, దండలు అందరు తెస్తరు. నేను కొత్తగ ఏదన్న ఇయ్యాలనుకున్న. సిరిసిల్లల నా దోస్తు మారుతికి కంప్యూటర్ మగ్గం ఉంది. ఫొటో ఇస్తే చాలు, దారాలతోని అచ్చం మనిషినే దింపుతడు. నాయిన హెల్మెట్ పెట్టుకున్న ఫొటో పంపి, గోడకు పెట్టేటట్టు మూరెడు బట్ట మీద నెయ్యమన్న.

వారానికి మారుతి ఫోన్ చేసిండు. నేను బసంత్‌నగర్ కాడ బస్సుల ఉన్న. చుట్టూ లారీలు, ఒకటే హారన్లు.

"అరే, రిపీట్ పెట్టాల్నా?" అన్నడు.

మళ్ల చెప్పాల్నా అని అడుగుతుండనుకున్న. "ఆఁ, రిపీట్, రిపీట్!" అని మొత్తుకున్న. లైన్ కట్టయింది.

ఫంక్షన్ నాడు పొద్దుగాల పార్సిల్ వచ్చింది. బరువుగుంది. మంచి మందం బట్ట అనుకున్న! ముడతలు పడతయని విప్పి గూడ చూడలే.

స్టేజీ మీద మైకు అందుకున్న. "మా నాయిన అసొంటి మనిషి ఇంకొకరు ఉండరు!" అన్న. చప్పట్లే చప్పట్లు. బట్ట ఒక కొస నేను పట్టుకున్న, మిగిలిన బట్ట చుట్టను పట్టుకొని విప్పుకుంట బావ పక్కకు నడిచిండు.

నాయిన మొఖం వచ్చింది. ఎంత మంచిగుందో! దాని పక్కన ఇంకో నాయిన. ఆయన పక్కన ఇంకొకాయన. బావ నడుస్తనే ఉన్నడు. స్టేజీ అయిపోయింది, నాయినలు అయిపోతలేరు. మొత్తం పన్నెండు మంది!

రిపీటంటే చీర మీద నెమళ్ల లెక్క ఒక్కటే బొమ్మను వరుసగ నేసుడట. నాకేం ఎరుక?

"ఇంకొకరు ఉండరంటివి గదరా!" అన్నడు మా కాక కింది నుంచి.

హాలంత నవ్వులు. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. నాయిన మాత్రం లేచొచ్చి, బట్టను ఈ కొస నుంచి ఆ కొస దాక నిమిరిండు.

"సార్, నేను పోయినా ఫికర్ లేదు. వీళ్లను షిఫ్టుకు నలుగురి లెక్కన దింపుండ్రి" అన్నడు మేనేజర్‌తోని.

తెల్లారి అమ్మ బట్టను ముక్కలు కత్తిరించి చుట్టాలకు, దోస్తులకు తలా ఒకటి పంచింది. ఇప్పుడు నాకు అదే కష్టం. నిన్న దోస్తు ఇంట్ల సిగరెట్ ముట్టియ్యబోయిన. ఎదురుంగ గోడ మీద నాయిన! దెబ్బకు లేచి నిలవడి, "నమస్తే" అన్న.