నాంచారయ్య గారి రెండు జవాబులు

2022 వేసవి. అప్పటికి నేను హెల్త్ ఎకనామిక్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆరోగ్యానికీ అర్థశాస్త్రానికీ ఏం సంబంధమని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో బంధువులు అడుగుతుంటారు. ఉన్న వనరులు కొంచెం, జబ్బులు బోలెడు, దేనికి ముందు ఖర్చుపెట్టాలో తేల్చి చెప్పడం మా పని అంటాను. శ్రద్ధగా విని, షుగర్‌కి మంచి డాక్టరెవరో చెప్పమంటారు.

పాఠాలు చెప్పడం ఒక ఎత్తు, కన్సల్టెన్సీ ఇంకో ఎత్తు. ప్రభుత్వ శాఖలు, ట్రస్టులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు మమ్మల్ని రిపోర్టు అడుగుతాయి. రాసిస్తాం. చాలాసార్లు నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ సంగతి గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. గ్రహించాక కూడా రాయడం మానలేదు.

ఆ వేసవిలో వచ్చిన పని డయాలసిస్ గురించి. కిడ్నీలు చెడిపోయినవాళ్ళు వారానికి రెండు మూడుసార్లు విజయవాడ వచ్చి మెషిన్ మీద రక్తం శుభ్రం చేయించుకుని పోతుంటారు. కైకలూరు లాంటి చిన్న ఊళ్ళలోనే మెషిన్లు పెడితే ప్రయోజనం ఉంటుందా అన్నది ప్రశ్న. దానికోసం గవర్నర్‌పేటలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో పేషెంట్లను ఇంటర్వ్యూ చేయాలి. నా దగ్గర పిహెచ్‌డి చేస్తున్న దుర్గాభవాని ఆ పనికి ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్.

భవానిది కొల్లేటి గట్టున చేపల వ్యాపారం చేసే కుటుంబం. వాళ్ళ నాన్న నాంచారయ్య గారు చేపల్ని ఐసు పెట్టెల్లో సర్ది లారీలకు ఎక్కించేవారు. ఆయనకు రెండేళ్ళుగా డయాలసిస్ నడుస్తోంది. భవాని ఈ అంశం ఎంచుకున్నదే అందుకు. ఆ మాట నాతో మొదటిరోజే చెప్పింది. పేషెంట్ల జాబితాలోంచి లాటరీ పద్ధతిలో పేర్లు తీస్తే, వాటిలో వాళ్ళ నాన్న పేరు కూడా వచ్చింది.

"తీసేద్దామా మేడమ్?" అంది.

"వచ్చిన పేరు తీసేయకూడదు. నువ్వు అడగనూ కూడదు. నేను వస్తాలే" అన్నాను. సొంతవాళ్ళను ఇంటర్వ్యూ చేయకూడదన్నది మా నియమం.

మేం వాడే పద్ధతిని టైమ్ ట్రేడ్-ఆఫ్ అంటారు. జబ్బుతో బతకడం మనిషికి ఎంత భారంగా ఉందో నేరుగా అడిగితే తలా ఒక మాట చెబుతారు. అందుకని కాలంతో తూస్తాం. ఇప్పుడున్నట్టే పదేళ్ళు బతకడం ఒకవైపు, ఏ జబ్బూ లేకుండా అంతకంటే తక్కువ కాలం బతకడం ఇంకోవైపు. ఆరోగ్యం కోసం ఎన్నేళ్ళు వదులుకుంటారో అడుగుతాం. ఎక్కువ ఏళ్ళు వదులుకునే మనిషికి ఆ జబ్బు అంత భారమన్నమాట. క్లాసులో బోర్డు మీద గీసి చెప్పడానికి చాలా సులువు.

నాంచారయ్య గారు కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఎడమ చేతికి రెండు గొట్టాలు. మనిషి బాగా నలుపు, వెడల్పాటి భుజాలు, వాటి మీద చొక్కా వదులైపోయింది. నన్ను చూసి లేవబోతే సిస్టర్ కసిరింది.

"మా అమ్మాయి మీ గురించే చెబుతుంటుందండి. కూర్చోండి, కూర్చోండి" అన్నారు.

కార్డు మీదున్న ప్రశ్న చదివి వినిపించాను. రెండుసార్లు విన్నారు.

"ఆ జబ్బు లేని ఏళ్ళు ఎవరిస్తారండీ?"

"ఎవరూ ఇవ్వరండీ. ఊరికే అనుకోవడమే."

"తెల్లారకుండా రైలెక్కి వచ్చి, ఇన్ని సూదులు పొడిపించుకుని, చివరికి అనుకోవడమేనా?" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. "సరే, అడగండి. బేరాలు మాకు కొత్తా?"

ఆరోగ్యంగా తొమ్మిదేళ్ళు అయితే? అదే మేలన్నారు. ఏడు? అదే. అయిదు? మామూలుగా ఇక్కడికి వచ్చేసరికి మనుషులు ఆగి ఆలోచిస్తారు. పిల్లల్నో, కట్టాల్సిన ఇంటినో తలుచుకుంటారు. ఆయన ఆగలేదు. మూడు, రెండు, ఒకటి. ప్రతిదానికీ చాలండి, చాలండి అంటూనే ఉన్నారు.

"ఇంకా తగ్గించరా?" అని ఆయనే అడిగారు.

"ఆరు నెలలు?"

"చాలండి." కాసేపు మెషిన్ వైపు చూశారు. "ఆర్నెల్లు అంటే ఒక సీజను. ముందు చెంబుడు నీళ్ళు కొలత చూసుకోకుండా తాగుతాను. కొల్లేరు పక్కన పుట్టి, నాలుక తడుపుకోవడానికి ఐసుముక్క చప్పరిస్తున్నానండీ. అదీ డాక్టరుగారికి చెప్పకుండా."

ఇలాంటి జవాబులు నాకు కొత్త కాదు. ఏ ముఖమూ పెట్టకుండా రాసుకోవడం అలవాటైంది. లేవబోతుంటే ఆయన కుడి చేయి ఎత్తారు.

"మేడమ్ గారూ, మా అమ్మాయికి ఈ సంగతి చెప్పకండి."

"ఎవరికీ చెప్పమండీ. అది మా నియమం."

"నియమాల మాట కాదండీ. మీరు చెప్పకండి."

చెప్పనన్నాను.

వానలు మొదలయ్యేసరికి భవాని ముఖం వాడిపోయింది. ఇచ్చిన పని చేస్తోంది గాని, మాట సగంలో వదిలేస్తోంది. కారణం నెమ్మదిగా బయటపడింది. వాళ్ళ నాన్నకు తన కిడ్నీ ఇవ్వాలని పరీక్షలు చేయించుకోవడం మొదలుపెట్టింది. తల్లికి షుగరు, ఆవిడ ఇవ్వడానికి లేదు. ఈ పిల్ల ఒక్కతే సంతానం. బ్లడ్ గ్రూప్ కలిసింది. ఇంకా కొన్ని పరీక్షలు మిగిలి ఉన్నాయి. సరిగ్గా అప్పటినుంచే నాంచారయ్య గారు డయాలసిస్‌కు రావడం తప్పించసాగారు. రైలు రాలేదని ఒకసారి, జ్వరమని ఒకసారి. ఒకరోజు ఒళ్ళంతా వాచి, ఊపిరాడని స్థితిలో తీసుకొచ్చారట.

ఒక మధ్యాహ్నం నేను ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దుకుంటుంటే డిపార్ట్‌మెంటుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ఆ రోజు మా నాన్న మీకేం చెప్పాడు?"

"చెప్పకూడదు భవానీ. నీకు తెలుసు."

"తెలుసు. అందరికీ ఆ కన్సెంట్ ఫారం చదివి వినిపించేది నేనే గదా." బల్ల మీది పేపర్ల అంచులు సర్దింది. "తక్కువే చెప్పాడా? చాలా తక్కువా?" అంది.

నేను మాట్లాడలేదు. అందరిలాగానే చెప్పారమ్మా అని ఒక అబద్ధం ఆడితే ఆ పిల్లకు ఆ పూటకు నిద్రపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆయనకు ఇచ్చిన మాట నిజాన్ని దాచడానికే గాని, దాని స్థానంలో ఇంకోటి పెట్టడానికి కాదు.

"మీరు ఊరుకున్నారంటేనే అర్థమైంది మేడమ్" అంది.

"నీకు ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆయన్నే అడుగు."

"నేను అడగకూడదన్నారుగా?"

"స్టడీ కోసం అడగకూడదు. నీకోసం అడుగు."

తర్వాతి వారం నేను అదే వార్డులో ఇంకో పేషెంటుతో మాట్లాడుతున్నాను. ఆయన అలసిపోయి మధ్యలో కళ్ళు మూసుకుంటే, నేనూ కాసేపు పెన్ను పక్కన పెట్టాను. రెండు కుర్చీల అవతల నాంచారయ్య గారు. భవాని స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ వార్డులో ఒకరి మాట ఒకరికి వినబడకుండా ఉండదు.

"శనివారం ఎందుకు రాలేదు నాన్నా?"

"రైలు రాలేదమ్మా."

"రైలొచ్చింది. నేను స్టేషన్లోనే ఉన్నా. అందరూ దిగారు, నువ్వు దిగలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"ఇది ఆపేద్దామనుకుంటున్నావా?"

ఆయన తల తిప్పి నేరుగా నా వైపు చూశారు. చెప్పారా అని అడుగుతున్న చూపు. లేదని తలూపాను. భవాని అది గమనించింది.

"మేడమ్ ఏమీ చెప్పలేదు. నేనడుగుతున్నా."

"నీ కిడ్నీ నాకొద్దు."

"డాక్టర్లు ఏం కాదంటున్నారు నాన్నా."

"డాక్టర్లు సవాలక్ష చెబుతారు. నిన్ను బల్లమీద పడుకోబెట్టి కోస్తుంటే పక్క గదిలో నేను పడుకోవాలా? నేను లేకపోతే ఆ కోతే ఉండదు గదా." గొంతు పెద్దదైంది. సిస్టర్ వచ్చి బీపీ చూసి, గట్టిగా మాట్లాడొద్దని చెప్పి వెళ్ళింది.

అప్పటిదాకా నేను ఆయన జవాబును, రైళ్ళు తప్పించడాన్ని ఒకే గాటన కట్టాను. జబ్బుతో విసిగిపోయి, ఇక చాలనుకుంటున్నారని. విసిగిపోయిన మాట నిజమే. కాని తొందరపడుతున్నది అందుకు కాదు. కూతురి పరీక్షలు పూర్తయ్యేలోగా వెళ్ళిపోవాలని.

భవాని పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"సరే. పరీక్షలు ఆపేస్తా. నువ్వు మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా వస్తావా?"

"నిజంగా ఆపేస్తావా?"

"ఆపేస్తా. వస్తావా?"

"వస్తా."

"ఇలాగే పదేళ్ళు రావాల్సొస్తే?"

అది మా ప్రశ్నే. కార్డులు లేవు, బోర్డు లేదు. తన గొంతుతో అడిగింది.

"నువ్వు రమ్మంటే వస్తానమ్మా."

"పదేళ్ళూనా?"

"పదేళ్ళూ."

నా ముందున్న పేషెంటు కళ్ళు తెరిచి, "అడగండి మేడమ్, తర్వాతేంటి?" అన్నాడు. ఎక్కడిదాకా వచ్చానో గుర్తు రాక మళ్ళీ మొదటినుంచి అడిగాను.

భవాని మాట నిలబెట్టుకుంది. అందరూ ఆమెను తప్పుబట్టారు, ఆ వార్డు డాక్టరుతో సహా. నాకు కూడా ఆ బేరం సరైనదని గట్టిగా చెప్పే ధైర్యం లేదు. కిడ్నీ మారిస్తే ఆయన ఇంకా ఎక్కువ కాలం, ఇంకా హాయిగా బతికేవారేమో. కాని మధ్యలో దూరి ఈ లెక్క చూపించే హక్కు నాకుందని అనిపించలేదు.

రిపోర్టు రాసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మా కొలమానం పేరు క్వాలీ. అంటే, పూర్తి ఆరోగ్యంతో గడిచే ఒక ఏడాదికి సమానం. బతికిన ఏళ్ళను వాటి నాణ్యతతో గుణిస్తాం. నాణ్యత ఎంతో ఆ టైమ్ ట్రేడ్-ఆఫ్ జవాబుల్లోంచే తీస్తాం. డయాలసిస్ బతుకు భరించలేకుండా ఉన్నానని పేషెంటు ఎంత నిజాయితీగా చెబితే, ఆ బతుకును నిలబెట్టే మెషిన్ విలువ మా లెక్కలో అంత తగ్గిపోతుంది. ఆయన ఆర్నెల్లు చాలన్న జవాబు కైకలూరులో మెషిన్ పెట్టడానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఇది మా శాస్త్రంలో అందరికీ తెలిసిన సంగతే, నేనూ ఏటా చెప్పే పాఠమే. ఆ ఏడాది మాత్రం భవాని ఎదురుగా కూర్చుని ఆ పట్టికలు వేయడం కష్టమైంది.

"ఆయన జవాబు పక్కన పెడదామా?" అని ఈసారి నేనే అడిగాను. ఆయన నాతో ఏమన్నారో అప్పటికే ఆయనే భవానికి చెప్పేశారట.

"వద్దు మేడమ్. మీతో చెప్పిందీ నిజమేగా. నేను అడిగానని ఆ నిజం లేకుండా పోదు."

ఉంచాం. ప్రయాణాల బాధ తగ్గడం వల్ల కలిగే మేలును విడిగా లెక్కగట్టి, కలిపి రిపోర్టు పంపాం. దాని మీద రెండు మీటింగులు జరిగాయి. మెషిన్లు చివరికి వేరే ఊరికి వెళ్ళాయి. ఆ ఊరివాళ్ళకూ అవసరమే, కాదనను. మా రిపోర్టు ఎవరైనా తెరిచారో లేదో తెలియదు.

నాంచారయ్య గారు ఆ తర్వాత రెండేళ్ళకు పైగా విజయవాడ రైలెక్కారు. ఒక్కటీ తప్పలేదని సిస్టర్లు చెప్పారు. పోయిన శీతాకాలంలో గుండె ఆగి ఇంట్లోనే పోయారు. భవాని ఇప్పుడు మంగళగిరి దగ్గర ఒక కాలేజీలో పాఠం చెబుతోంది. తండ్రి పోయిన నెలకు వచ్చి నా గదిలో చాలాసేపు కూర్చుంది. ఆ రోజు పరీక్షలు ఆపకుండా ఉండాల్సిందా అని నన్ను అడగలేదు. అడుగుతుందేమోనని నేను భయపడ్డాను.

మనిషికి తన బతుకు విలువెంతో తెలుసని, సరిగ్గా అడిగితే చెబుతాడని నమ్మి ఇన్నేళ్ళు ఈ పని చేశాను. ఆ విలువ అతని ఒక్కడి దగ్గరే ఉండదని, ఎవరికోసం బతకాలో వాళ్ళు ఎదురుగా కూర్చుంటే మారిపోతుందని ఆ వార్డులో తెలిసింది. ఈ సంగతిని మా పద్ధతిలో ఎక్కడ ఇమడ్చాలో మాత్రం ఇంతవరకూ తోచలేదు. ప్రస్తుతం పక్షవాతం పేషెంట్ల మీద ఇంకో ప్రాజెక్టు నడుస్తోంది. మార్చిలోగా ముగించాలి. రేపు పొద్దున మళ్ళీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్ళను కాసేపు బయట ఉండమని చెప్పి, అడగాలి.