దుమ్ములో చిన్నమ్మ

పోయిన వారం మా ఊరి నుండి ఒక కరపత్రం వచ్చింది. ధర్మాబాద్ తాలూకాలో కర్ఖేలి దాటినాక, ఎర్ర బస్సు మర్యాదకు ఒక్క నిమిషం ఆగి, ఎవరూ దిగకపోతే సంతోషంగా వెళ్ళిపోయే మలుపు ఒకటి ఉంటుంది, అదే మా ఊరు. ఆ మలుపులో కొత్త స్వాగత కమాన్ కట్టి, దాని మీద గుర్రపు రౌతు బొమ్మ నిలబెట్టారట, ప్రారంభానికి నన్ను రమ్మన్నారు. నా పేరు ముందు మరాఠీలో ‘ఇతిహాసకారులు’ అని, అంటే చరిత్రకారులని, అచ్చు వేశారు. నాందేడ్‌లో ముప్పై ఏళ్ళు బడిపంతులుగా గడిపినవాడికి అది చిన్న బిరుదేమీ కాదు. ఆ రౌతు అనేవాడు ఎన్నడూ లేడని ఎరిగినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి న్యాయంగా నాకే రావాలి కూడా.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైల మొదట్లో మా వైపు ఊరూరా మలుపుల దగ్గర రంగుల బోర్డులు పెట్టే సరదా మొదలైంది. అంతకుముందు ఊరి పేరు మైలురాయి మీద ఉంటే ఉండేది, లేకపోతే కండక్టరు నోట్లో ఉండేది. ఇప్పుడు పేరుతో పాటు బొమ్మ కావాలి, బొమ్మలో ఊరి చరిత్ర ఉండాలి. భోకర్ వైపు ఒక ఊరు కోటను వేయించుకుంది, పక్క ఊరు పులిని చంపిన పటేల్‌ను వేయించుకుంది. మాకు ఉన్నదల్లా ఒక బావి.

ఆ బావి సంగతి మా పెద్దమ్మ చెప్పేది. నేను పుట్టకముందు ఒక కరువు ఏడు, మగవాళ్ళంతా పని వెతుక్కుంటూ దూరాలకు పోతే, ఊళ్ళో మిగిలిన కోడళ్ళు, పెద్దమ్మతో కలిపి పదకొండు మంది, ఎండాకాలమంతా తవ్వి నీళ్ళు తీశారట. నీళ్ళు ఊరిన రోజే ఒక పక్క మట్టి కూలి మా చిన్నమ్మ, అంటే పెద్దమ్మకు తోడికోడలు, అడుగున ఉండిపోయింది. ఆమెకు పిల్లలు లేరు, ఫోటో లేదు, చిన్నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు కనుక ఇంట్లో ఆమె మాట ఎత్తడం బాగుండేది కాదు. పెద్దమ్మ మాత్రం తెల్లారి తోడిన మొదటి చేదను తిరిగి బావిలోనే పోసి, ఆ తర్వాతే బిందె నింపుకునేది.

ఊరికి మొదటి బి.ఏ.ను నేను, పైగా ఉద్యోగం లేదు, కాబట్టి చరిత్ర పని నాకు అప్పగించారు. అంతవరకు ఎవరినీ ఏమీ అడగని పెద్దమ్మ ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది.

“బిడ్డా, నన్ను ఎయ్యకున్నా మంచిదే. దాన్ని ఎయ్యమను. నెత్తిమీద గంప వెట్టుకొని నవ్వుతుంటుండె, గట్లనే ఎయ్యమను.”

చావడిలో సర్పంచ్ అంతా ఓపిగ్గానే విన్నాడు. “ఆడోళ్ళు గంపలు మోస్తే ఇతిహాస్ ఎట్లయితది బియ్యే సాబ్? కరువుపని అయితది.”

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే వెటకారం ఆడడం నా జబ్బు. “అట్లయితే గుర్రం మీద రౌతును పెట్టుండ్రి కాకా, గుర్రం డెక్కతోని తంతే బావి పడ్డదని రాయుండ్రి” అన్నాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన కాగితం అడిగాడు.

అప్పుడైనా వద్దనవచ్చు. కాని చావడిలో అందరూ భలే ఉందంటుంటే వద్దనడానికి నోరు రాలేదు. మరాఠీలో నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను, దురదృష్టవశాత్తు బాగానే రాశాను. నాందేడ్ నుండి సినిమా బొమ్మలు వేసే పెయింటరు వచ్చాడు. ఆయన చేతికి వచ్చిన ముఖం ఒకటే కాబట్టి రౌతు అప్పటి హీరోలా తేలాడు. గుర్రం వెనక కాళ్ళు ఎంతకీ కుదరకపోతే వాటి మీద ఇంత దుమ్ము లేపి కప్పేశాడు.

పెద్దమ్మ మలుపు దాకా నడిచి వచ్చి, బోర్డును ఈ చివర నుండి ఆ చివరకు రెండుసార్లు చూసింది.

“అది ఏదిరా?”

నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. “గా దుమ్ముల ఉన్నది పెద్దమ్మా. దుమ్ము లేసింది గద, కనవడ్తలేదు.”

పక్కనున్న నా స్నేహితులు నవ్వారు. పెద్దమ్మ బోర్డు దగ్గరికి పోయి ఆ దుమ్మును అరచేత్తో తడిమింది. మరునాడు పసుపు కుంకుమ తెచ్చి అక్కడే పెట్టింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం పెట్టింది. ఆమె పెడుతోందంటే ఏదో మహిమ ఉండే ఉంటుందని మిగతా ఆడవాళ్ళూ పెట్టసాగారు, కాకపోతే వాళ్ళు గుర్రానికి పెట్టారు. రెండేళ్ళకు కొబ్బరికాయలు వచ్చాయి, అయిదేళ్ళకు జాతర వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినాక ఒక సెలవులో వచ్చి, గ్రామసభలో లేచి నిలబడి, రౌతు లేడు గీతు లేడు, నేనే పుట్టించానని చెప్పాను. సభ కడుపారా నవ్వింది. సర్పంచ్ ఒక్కడే నవ్వలేదు, నా పరిహాసానికి నిజంగానే నొచ్చుకున్నాడు. “దేవునితోని గూడ మస్కిరేనారా?” అన్నాడు. అప్పటిదాకా నేను చెప్పినవాటిలో ఊరు నమ్మింది ఆ ఒక్క అబద్ధాన్నే, నమ్మనిది ఆ ఒక్క నిజాన్నే.

ఎనభైల చివర్లో నల్లా నీళ్ళు వచ్చి, బావిని చెత్తతో పూడ్చేశారు. ఆ ఏడే పెద్దమ్మ మంచాన పడింది. పక్కన కూర్చుని చెప్పాను, దుమ్ములో ఎవరూ లేరని, ఆ రోజు అబద్ధం ఆడానని. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు.

“నాకు ఎర్కే బిడ్డా. గప్పుడే ఎర్క. మరి దాన్ని యాడ వెట్టాలె? మీరు జాగ ఇయ్యకపోతిరి. గింత దుమ్మన్న ఉన్నది గదా అని, అండ్లనే వెట్టుకున్న.”

వారం తిరగకుండా పోయింది.

మా ఇళ్ళలో అప్పట్లో కోడలికి వరస ఉండేది, పేరు ఉండేది కాదు. ఇప్పుడు పసిపిల్లల నీళ్ళ సీసాల మీద కూడా పేర్లు రాస్తున్నారు, చూస్తే ముచ్చటగా ఉంటుంది. బడిలో ముప్పై ఏళ్ళు హాజరు పిలిచిన నేను, ఆ రోజు పొద్దుగూకేదాకా ఆ మంచం పక్కన కూర్చుని, నా తప్పు ఒప్పుకునే హడావిడిలో, చిన్నమ్మ పేరేమిటని అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.