బొటనవేలి నొక్కు

ఆర్డిస్ అయోవాలో ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఏ ఇంటి గరాజులో ఏముంటుందో తలుపు తెరవకముందే చెప్పగలదు. రిటైరయ్యాక వేసవిలో ప్రతి శనివారం పొద్దున్నే గరాజ్ సేళ్లకు, అంటే జనం పాత సామాను గరాజులో పెట్టి అమ్మే చోట్లకు, బయల్దేరుతుంది. "ముందుగా రావద్దు" అని బోర్డు పెట్టినవాళ్ల ఇంటికైతే ఇంకాస్త ముందే వెళుతుంది. తుప్పు పట్టిన చెంచాల మధ్య వెండి గరిటె, బొమ్మల డబ్బా అడుగున పాత చేతిగడియారం, ఇలాంటివి ఎన్నో పట్టింది. వెతుకుతున్నది మాత్రం పదిహేనేళ్లుగా దొరకలేదు.

ఆమె తాత ఊరి చివర బట్టీలో జాడీలు చేసేవాడు. పచ్చిమట్టి మీద, జాడీని పట్టుకునే చెవి కింద, బొటనవేలితో ఒక నొక్కు నొక్కడం ఆయన అలవాటు. ఇంట్లో మిగిలిన ఒక్క జాడీనీ ఆర్డిస్ తల్లి ఇలాంటి అమ్మకంలోనే వదిలించుకుంది. తను దేనికోసం తిరుగుతోందో ఆర్డిస్ ఎవరికీ చెప్పలేదు. అమ్మేవాళ్ల బల్ల ముందు నోరు విప్పితే వస్తువు దక్కదని ఆమె నమ్మకం.

ఆ శనివారం ఓర్లిన్ ముసలాయన గరాజులో జాడీ కనిపించింది. వాళ్లు కుక్క తిండి పోసి ఉంచుకునేది. పైన చెక్క మూత, పక్కన టేపు ముక్క మీద మూడు డాలర్లని రాసి ఉంది. ఆర్డిస్ జాడీ చెవి కిందికి వేలు పోనిచ్చింది. నొక్కు తగిలింది. తన బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంది.

మూడు డాలర్లూ ఇచ్చి ఎత్తుకుపోతే అయిపోయేది. కానీ ఇంకొకరి బేరం తన్నుకుపోవడానికి తప్ప, రాసిన ధరకి ఆమె ఏనాడూ ఏదీ కొనలేదు.

"రెండుకిస్తావా ఓర్లిన్?"

అన్నాక నాలుక కరుచుకుంది.

"రెండా? దానికి కాఫీ కూడా రాదమ్మా. రేటు మా ఆవిడ రాసింది, ఆవిణ్నే అడగాలి. మేబెల్!"

ఓర్లిన్ ఇంట్లోకి తొంగిచూశాడు. ఈలోగా వెనకనుంచి డెల్మర్ వచ్చాడు. ప్రతి శనివారం ఈ అమ్మకాల్లో ఆర్డిస్‌కి పోటీగా ఎదురుపడే మనిషి. మూడు నోట్లు ముసలాయన చొక్కా జేబులో దోపి జాడీ ఎత్తుకున్నాడు.

"ముందు పట్టుకుంది నేను!"

"పట్టుకున్నావు, బేరమాడావు. బేరం తెగేలోపు రాసిన ధర ఇచ్చినవాడిదే వస్తువు. ఈ పద్ధతి నాకు నేర్పింది నువ్వే కదే తల్లీ. పోయినేడు నేను బేరమాడుతుండగా ఊగుడు కుర్చీ ఎత్తుకుపోయింది మర్చిపోయావా?"

మర్చిపోలేదు.

"ఏం చేస్తావు దాన్ని?"

"అడుగున బెజ్జం కొట్టి టేబుల్ లాంపు చేస్తా. వైరు పోవాలిగా."

ఆర్డిస్ జాడీ అంచు పట్టుకుంది. పదిహేనేళ్లు దాచుకున్న మాట బయటపెట్టింది.

"డెల్మర్, అది మా తాత చేసింది. ఇదిగో, ఆయన వేలి గుర్తు. బెజ్జం కొట్టకు. నీకేం కావాలో చెప్పు, ఇస్తాను."

డెల్మర్ విరగబడి నవ్వాడు.

"ఆ కుర్చీ నాకిమ్మని నేనడిగితే, 'మా అమ్మమ్మ ప్రాణం పోయింది అందులోనే' అన్నావు."

"అది అబద్ధం."

"మరి ఇది?"

"ఇది నిజం."

"ఆహా! నువ్వింత బతిమాలుతున్నావంటే ఇందులో ఏదో ఉంది. ఇక అస్సలివ్వను."

"నొక్కు చూడరా మొద్దూ!"

"ఎవడికో చెయ్యి జారుంటుందిలే."

ఆర్డిస్ ఓర్లిన్ వైపు తిరిగింది. ఆయన జేబు తడుముకున్నాడు. "డబ్బు జేబులో పడ్డాక నేను నోరెత్తనమ్మా" అన్నాడు.

డెల్మర్ అందులోని కుక్క తిండి గరాజు నేల మీద కుమ్మరించి, జాడీని ట్రక్కులో రెండు టైర్ల మధ్య ఇరికించాడు. "లాంపయ్యాక వచ్చి చూడు. నీకైతే కాస్త తగ్గిస్తాలే" అని కేకేసి వెళ్లిపోయాడు.

లాంపుకి మూత అక్కర్లేదని దాన్ని బల్ల మీదే వదిలేశాడు. ఆర్డిస్ దాన్ని అందుకుంది.

"ఇదెంత?"

"డాలరివ్వు."

ఆమె మారుమాటాడకుండా ఇచ్చింది. చెక్క అంచుని చేత్తో నిమురుతూ కారుదాకా నడిచింది.

"చేతికి పేడు గుచ్చుకుంటుంది, చూసుకో" అన్నాడు ఓర్లిన్ వెనకనుంచి. "ఎలుకలు దూరుతున్నాయని పోయిన చలికాలం ఆ మూత నేనే కోసి పెట్టాను. నున్నగా రుద్దడానికి బద్ధకించాను."